పద్మినికి పెద్ద ఇంజను

(ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సాబ్, ఈసారి మీరు సాహిత్యం మీద నాలుగు ముక్కలు చెప్పాలి" అన్నారు. నేను చదివిన సాహిత్యమంతా ఈఎంఈ రెగ్యులేషన్లే సార్ అన్నాను. "అయితే మీ కారు కథే చెప్పండి" అన్నారు. అదే చెబుతున్నాను. ఇందులో నేను గొప్పవాణ్ని కాను, ముందే మనవి చేస్తున్నాను.

ఇంటర్ పాసై 1987లో భర్తీ అయ్యాను. సికింద్రాబాదులో వెహికల్ మెకానిక్ ట్రేడు నేర్చుకున్నాను. 2017లో సుబేదారుగా దిగి, భార్య పుట్టిల్లు పుణె కాబట్టి ఇక్కడే స్థిరపడ్డాను. మా మామగారు ఖడ్కీ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో చేశారు. ఆయన పోయాక ఆయన 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని మా ఆవిడ పేరు మీదికి వచ్చింది. అది చూడముచ్చటైన బండి. కానీ 1089 సీసీ ఇంజను, నలభై హార్స్ పవరు. నలుగురు ఎక్కితే ఘాట్ రోడ్డు మీద వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. ముప్పై ఏళ్లు శక్తిమాన్లు, జోంగాలు విప్పి బిగించిన చేతులు ఊరుకుంటాయా?

అదే ప్రీమియర్ కంపెనీ 1985లో 118ఎన్‌ఈ అని ఒక కారు తెచ్చింది. అందులోది నిస్సాన్ ఏ12 ఇంజను, 1171 సీసీ, సుమారు యాభైరెండు హార్స్ పవరు. సీసీలో తేడా ఎనభై రెండే, శక్తిలో మాత్రం ముప్పై శాతం. పద్మినిలో దాన్ని పెట్టడం కొత్తేమీ కాదు, చాలామంది చేశారు. వేలంలో కొన్న జోంగాల్లో జనం డీజిల్ ఇంజన్లు బిగించలేదా, అలాగే. తుక్కు బజారులో గేర్‌బాక్సుతో సహా ఒకటి దొరికింది. 2018 వానాకాలమంతా మా వాకిట్లో రేకుల షెడ్డు కింద ఇదే పని.

ఇంజను దింపడం సులువే. ఇనుప పైపులతో మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, పట్టుకోవడానికి పక్కింటి హవల్దారు. కష్టమంతా ఎక్కించడంలో ఉంది. పాత మౌంటింగులు కొత్త ఇంజనుకు కలవవు. ముందు అట్టముక్కలతో, తర్వాత చెక్కతో నమూనా కోసి, కొలత సరిపోయాకే ఇనుప పలక కోయించాను. బ్యాటరీ తీసేసి, డిక్కీలోని పెట్రోలు ట్యాంకు దింపేసి గానీ వెల్డింగు మొదలుపెట్టనివ్వలేదు. ఆ మాత్రం జాగ్రత్త ఉండేది! కొత్త గేర్‌బాక్సు పొడవు వేరు కనుక ప్రొపెల్లర్ షాఫ్టు మార్పించి, మెషీను మీద బ్యాలెన్సు చేయించాను. ముందు బ్యాలెన్సు లేకుండా బిగిస్తే అరవై దాటగానే బండి మొత్తం జ్వరం వచ్చినట్టు వణికింది. సైలెన్సర్ పైపు, రేడియేటర్ గొట్టాలు, యాక్సిలరేటర్ లింకు, స్పీడోమీటర్ కేబులు, ఒక్కొక్కటీ ఒక్కో ఆదివారం తిన్నాయి. పద్మినికి గేరు స్టీరింగు దగ్గర ఉంటుంది కదా, కొత్తది నేల మీదికి వచ్చింది. పాత లివరు అందం కోసం అలాగే ఉంచాను. నెల రోజులపాటు అలవాటు కొద్దీ దాన్నే లాగేవాణ్ని. మనవరాలు పకపకా నవ్వేది.

బండి మాత్రం గుర్రంలా పోయేది. అందరూ మెచ్చుకున్నారు. బ్రేకుల సంగతి ఒక్కరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా చూడలేదు. యూనిట్‌లో ఏ క్రాఫ్ట్స్‌మనైనా ఇలా చేసుంటే నేనే పిట్టూ పరేడు పెట్టించేవాణ్ని.

2019 డిసెంబరులో పంచగని వెళ్లాం. నేనూ, మా ఆవిడా, ఆరేళ్ల మనవరాలూ. ఎక్కేటప్పుడు పసర్ణీ ఘాట్ మూడో గేరులో హాయిగా ఎక్కింది. పాత ఇంజనైతే రెండో గేరు తప్పేది కాదు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని ఎంతమంది డ్రైవర్లకు చెప్పానో! ఆ లెక్కన పాత ఇంజను ఉన్నన్నాళ్లూ రెండో గేరులోనే దిగేవాణ్ని. కొత్తది మూడులో ఎక్కింది కాబట్టి మూడులోనే దిగాను. నలభైలో దిగాల్సిన చోట అరవైలో దిగుతున్నాను. వేగం ఒకటిన్నర రెట్లే, బ్రేకులు మింగాల్సిన వేడి రెండుంపావు రెట్లు. సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. ఇంకో రెండు మలుపుల తర్వాత పెడల్ మెత్తబడి నేలకు ఆనింది. నీరు చేరిన పాత ఆయిలు మరిగి ఆవిరైపోయిందన్నమాట.

ఎదురుగా కాలినడకన స్కూలు పిల్లలు. యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కి రెండో గేరులోకి నెట్టాను. ఇంజను అరిచింది, వేగం తగ్గింది కానీ బండి ఆగలేదు. కొండవైపు కాలువలోకి ఎడమ చక్రాలు దింపి, మట్టిగట్టుకు రాసుకుంటూ ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే భరించలేకపోయాను. అరగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మొదటి గేరులో వాయి చేరాం.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆర్‌సీ తీసి చూశాను. అందులో ఉన్నది పాత ఇంజను నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్టీఓ అనుమతి లేకుండా అలా మార్చకూడదు. "ఎవడు చూస్తాడు సాబ్" అన్న ఏజెంటు మాట విన్నాను. ఆ ఏడే కొత్తగా వచ్చిన 182ఏ సెక్షను ఇలాంటి మార్పుకు ఆరు నెలల జైలో, అయిదు వేల జరిమానానో, రెండూనో అంటోంది. జరిమానా సంగతి అటుంచండి. ఆ పిల్లల్లో ఒకరికి తగిలి ఉంటే బీమావాళ్లు మొదట అడిగేది ఇంజను నంబరే. బండి మా ఆవిడ పేరు మీద ఉంది. కోర్టులో నిలబడేది ఆవిడ.

2020 లాక్‌డౌన్‌లో పాత ఇంజను ఓవర్‌హాల్ చేసి మళ్లీ ఎక్కించాను. బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు, ఆయిలు అన్నీ కొత్తవి. ఆ మరుసటేడు, 2021 జులైలో, వింటేజ్ వాహనాల నిబంధన వచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ రిజిస్ట్రేషన్. మాది 2028లో యాభై నిండుతుంది. ముంబైలో చివరి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులోనే రోడ్డు దిగిపోయాయి. మా మామగారి బండి మిగిలింది.

పెద్ద ఇంజను తప్పని నేననను. చేసేవాళ్లు ముందు ఆర్టీఓని అడగండి, ఆ తర్వాత బ్రేకులు చూడండి, స్పానరు చివర పట్టుకోండి. నిస్సాన్ ఇంజను మా షెడ్డులో స్టాండు మీద ఉంది. విప్పి నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు ఆదివారం పొద్దున్నే రావచ్చు. టీ మాది, చేతిగుడ్డ మీది.

ఇప్పటికీ ఎక్కడ దిగుడు కనిపించినా మా ఆవిడ, "ఏవండీ, ఏ గేరులో ఉన్నాం?" అని అడుగుతుంది. రెండో గేరే అని చెబుతాను. నమ్మదు, లివరు వైపు వంగి చూస్తుంది.

జైహింద్.