గుండె కవాటం చెప్పే పాఠం



కొత్త వైద్య పరికరం అనగానే ఎవరో మేధావికి హఠాత్తుగా తట్టిన ఆలోచన అనుకుంటాం. ఆలోచన తట్టడం చిన్న పని. అది మనిషి ఒంట్లో పెట్టదగినదని రుజువు చేయడమే పెద్ద పని. మన దేశంలో తయారైన చిత్రా గుండె కవాటమే ఇందుకు సాక్ష్యం.

ఇరుకిళ్ళలో పెరిగే పిల్లలకు గొంతునొప్పి వస్తే మనం అంతగా పట్టించుకోం. వారిలో కొందరికి కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చి, చివరకు గుండె కవాటాలు దెబ్బతింటాయి. కవాటం మార్చాలంటే ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించవలసిందే. ఆ ధర కూలివాడికి అందేది కాదు. అందుకని తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గారు, ఇంజనీర్లు కలిసి 1970ల చివరిభాగంలో ఈ పని తలకెత్తుకున్నారు.

గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు అవుతుంది. అన్నిసార్లూ కవాటం తెరుచుకోవాలి, మూసుకోవాలి. అది మొరాయిస్తే ప్రాణం మీదికి వస్తుంది. కనుక ముందు యంత్రాల మీద వేగంగా ఆడించి, తర్వాత జంతువులలో అమర్చి చూశారు. ఒక నమూనాలో వెల్డింగు అతుకు విరిగింది. ఇంకొక దానిలో కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ పగిలింది. ఇలా మూడు నమూనాలు పరీక్షకు నిలవలేదు. నాలుగోదానిలో కోబాల్టు, క్రోమియం కలిసిన లోహపు చట్రం, గట్టిరకం పాలిథిలీన్ బిళ్ళ పెట్టారు. ఆ బిళ్ళ తనచుట్టూ తాను తిరుగుతుంది గనుక అరుగుదల ఒకేచోట పడదు. మణి చేయలేని పని ప్లాస్టిక్కు చేసింది!

1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ తర్వాత కొన్ని ఆస్పత్రులలో రోగులను ఏళ్ళ తరబడి గమనించాకే టీటీకే కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. అప్పటినుంచి లక్షమందికి పైగా దాన్ని అమర్చారు. ఈనాడు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం గుండె కవాటం అత్యంత ప్రమాదావకాశం గల 'డి' తరగతిలోకి వస్తుంది. పరీక్షలు లేకుండా అనుమతి దొరకదు, దొరకకూడదు కూడా.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు డాక్టరు కాలేదని బాధపడకండి. ఆ కవాటం వెనుక లోహాల సంగతి తెలిసినవారు, వెల్డింగు, లేతు పని వచ్చినవారు కూడా ఉన్నారు. వారి చేతిపని కూడా ప్రాణదానమే.

ఇంకొక మాట. ఇలాంటి కవాటం పెట్టించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వాడాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి. బాగానే ఉన్నాం కదా అని మానేస్తే ప్రాణానికే ముప్పు. పిల్లల గొంతునొప్పిని మొదట్లోనే డాక్టరుకు చూపిస్తే చాలామందికి ఆ కవాటంతో అవసరమే రాదు.