మట్టికీ నైవేద్యం

(ఆలయ నందనవన సేవకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో ఆరంభమవుతాయని మనం సాధారణంగా అనుకుంటాము. దానికి ముందే అంకురార్పణం జరుగుతుంది. వైష్ణవాలయాలలో సేనాధిపతియైన విష్వక్సేనుల వారు ఊరేగింపుగా వేంచేయగా, భూదేవిని పూజించి పుట్టమన్నును సేకరిస్తారు. దీనికే మృత్సంగ్రహణమని పేరు. ఆ మట్టిని పాలికలలో నింపి నవధాన్యాలను చల్లుతారు. పుట్టమన్ను అనగా సూక్ష్మమైన జీవులు భూమి లోపలి నుండి కణం కణం పైకి తెచ్చిన మట్టి. ఇంతటి మహోత్సవానికి తొలి అడుగు మట్టిపూజ కావడం మనం మననం చేసుకోవలసిన విషయం.

మన ఆచార్యులు పుష్పకైంకర్యాన్ని స్వహస్తాలతో చేశారు. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారులు పెంచిన తోటలోని తులసివనంలోనే గోదాదేవి లభించినదని గురుపరంపర చెబుతున్నది. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారులు తిరుమలలో పూలతోటను పెంచారు. ఆయన చేపట్టిన గునపాన్ని నేటికీ తిరుమల ఆలయ మహాద్వారం వద్ద దర్శించవచ్చు. పూలమాల కట్టడం ఎంత సేవయో, మట్టిని సిద్ధం చేయడమూ అంత సేవయే అని ఆ గునపం మనకు బోధిస్తున్నది.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ఒక్కటే. స్వామి పాదాల వద్ద ఉంచిన తులసీదళం తీర్థంతో పాటు మన కంఠంలోకి దిగుతుంది. బాలురు, వృద్ధులు, గర్భవతులు దానిని భక్తితో స్వీకరిస్తారు. ఆ దళం మీద పురుగుమందు ఉండవచ్చునా? ఉండరాదని అందరమూ అంటాము. అయితే మందు అవసరం లేని మొక్క కావాలంటే ముందుగా జీవమున్న మట్టి కావాలి.

చిటికెడు సారవంతమైన మట్టిలో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు నివసిస్తాయి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని ఉన్నా మొక్క దానిని నేరుగా గ్రహించలేదు. అలసంద, మినుము, పెసర వంటి మొక్కల వేళ్ళ బుడిపెలలో నివసించే రైజోబియం బాక్టీరియా ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. ఒక అలసంద మొక్కను పెకలించి బుడిపెను కోసి చూడండి. లోపల గులాబి రంగు కనిపిస్తే అక్కడ పని చక్కగా సాగుతున్నదని అర్థం. మైకోరైజా అనే శిలీంధ్రం వేళ్ళకు అంటుకొని, వేరు చేరలేని చోటి నుండి భాస్వరాన్నీ నీటినీ తెచ్చి ఇస్తుంది. ప్రతిగా మొక్క నుండి చక్కెరను పుచ్చుకుంటుంది. ట్రైకోడెర్మా అనే మరొక శిలీంధ్రం వేరుకుళ్ళు కలిగించే శిలీంధ్రాలను అణచివేస్తుంది. వానపాముల శ్రమ గొప్పదనాన్ని వివరిస్తూ చార్లెస్ డార్విన్ 1881లో ఒక గ్రంథమే ప్రచురించారు.

ఈ సేవకులందరికీ కావలసినవి మూడే: ఆహారం, తేమ, నీడ. కనుక నందనవనంలో రాలిన ఆకులను తగులబెట్టకండి. మొక్కల మొదళ్ళలో పరచి ఆచ్ఛాదన కల్పించండి. మన వేసవి ఎండకు బోసిగా ఉన్న నేల కాగిపోయి అందలి జీవం నశిస్తుంది. తొలకరికి ముందు ఖాళీ మడులలో నవధాన్యాలు చల్లి, పూతకు వచ్చినప్పుడు కోసి అక్కడే పరచండి.

ఇంట్లో తులసికోట ఉన్నవారు కొద్దిపాటి జీవామృతాన్ని సులభంగా తయారుచేసుకోవచ్చు. పది లీటర్ల నీటిలో అర కిలో నాటు ఆవు పేడ, అర లీటరు గోమూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టు కింది మట్టి కలిపి నీడలో ఉంచాలి. రోజుకు రెండుసార్లు కర్రతో కలియత్రిప్పితే రెండు రోజులకు సిద్ధమవుతుంది. తడి ఉన్న మట్టిలోనే పోయాలి. ఇది ప్రధానంగా మట్టికి అందించే తోడు వంటిది. పాలు లేక తోడు మాత్రమే ఉంటే పెరుగు కానట్లే, మట్టిలో ఆకులు, ఎరువు లేకుండా జీవామృతం ఒక్కటే చాలదు.

వేరుకుళ్ళు సోకే మడులకు మరొక ఉపాయమున్నది. ఐదు కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో వంద గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడి చిలకరించి, గోనెపట్టా కప్పి వారం పదిరోజులు నీడలో ఉంచి ఆపై వాడండి. దానితో పాటు రసాయనిక శిలీంధ్రనాశినులను వాడితే అది నశిస్తుంది.

ఇక నిర్మాల్యం విషయం. స్వామికి అలంకరించిన పూలను ఎరువు చేయడం అపచారమేమో అని కొందరు భక్తులు సంశయిస్తారు. నదిలో వదిలిన పూలు దారాలతో, ప్లాస్టిక్ సంచులతో ఒడ్డున కుళ్ళి, నలుగురి కాళ్ళ కింద పడుతున్నాయి. శ్రద్ధతో చేసిన ఎరువును ఎవరూ తొక్కని పూలచెట్ల మొదళ్ళకు వేస్తే, స్వామి పూవు తిరిగి స్వామి పూవుగానే వస్తుంది. ముందుగా దారాలు, జిగినీ, ప్లాస్టిక్ తీసివేయాలి. నిమ్మకాయలను, నూనె వత్తులను వేరుచేయాలి. అవి వానపాములకు హాని చేస్తాయి. పూలలో ఎండుటాకులు, పేడ కలిపి మూడు వారాలు మాగనిచ్చి, పూర్తిగా చల్లారిన తరువాతనే వానపాములను వదలాలి. పచ్చి కుప్పలోని వేడికి అవి చనిపోతాయి.

దాతలకు ఒక మనవి. పుష్పకైంకర్యానికి మీరిచ్చే విరాళం ఉత్సవదినాన స్వామి మెడలో మాలగా శోభిస్తుంది. ఒక ఎరువుతొట్టికి, వానపాముల షెడ్డుకు, గోశాల నుండి పేడ తెచ్చే బండికి ఇచ్చేది ఎవరికీ కనిపించదు. అయినా ఏటేటా పూసే ప్రతి పూవులో దానికీ భాగం ఉంటుంది. యాత్రికులకు ఒక ప్రార్థన. స్వామికి తెచ్చే పూలను ప్లాస్టిక్ సంచిలో కాక, ఆకులోనో బుట్టలోనో తీసుకురండి. అదే మట్టికి మీరు చేసే మొదటి సేవ.

ఉదయం నిద్రలేవగానే పాదం మోపినందుకు క్షమించమని భూదేవిని వేడుకునే సంప్రదాయం మనది. ఆ తల్లి ఒడిలోని కోటానుకోట్ల జీవులకు పిడికెడు ఎండుటాకులను, దోసెడు నీటిని అందించి, ఆ ప్రార్థనను సార్థకం చేసుకుందాము.

సర్వే జనాః సుఖినో భవంతు.