మన పేరు మోసిన పటాలము



నేను పాలమూరు సీమలో చిరకాలము పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఒకనాడు చరిత్రపాఠము జరుగుచుండగా ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, హైదరాబాదు రెజిమెంటు దేశదేశములలో యుద్ధము చేసెనంటిరిగదా, అందు మన యూళ్ళవారుండిరా?" అని యడిగెను. నాడు నేను తగిన బదులు చెప్పజాలనైతిని. ఆ ఋణమును నేడు మీ యెదుట తీర్చుకొనుచున్నాను.

1813లో హైదరాబాదునందలి బ్రిటిషు రెసిడెంటు హెన్రీ రస్సెలు, నైజాము ధనముతో ఆంగ్లేయ సర్దారుల క్రింద ఒక సేనను కూర్చెను. ఇట్టి దళములే క్రమముగా హైదరాబాదు కంటింజెంటు అను పేర ప్రసిద్ధములయ్యెను. జీతము నైజాముది, ఆజ్ఞ రెసిడెంటుది. బాకీలు పేరుకొనగా 1853 నాటి సంధిచే బేరారు, రాయచూరు, ధారాశివము ఆంగ్లేయుల వశమయ్యెను. మక్తలు దాటి కృష్ణ కావలి యొడ్డుననున్న రాయచూరుసీమ యిట్లు సేనావ్యయమునకు కుదువసొమ్మై, 1860లోగాని మరలి రాలేదు. ఆ ఖజానా ఎవరిది? నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో జొన్నలు పండించి శిస్తు చెల్లించిన రైతుల చెమటయు నందు గలదు.

1903లో ఈ సేన హిందూదేశ సైన్యమున లీనమయ్యెను. అందలి 98వ పదాతిదళము 1914 నవంబరులో, జర్మనుల యధీనమందున్న తూర్పు ఆఫ్రికాలో టాంగా రేవును పట్టుకొనుటకు పంపబడెను. అచట శత్రువుల తుపాకులతోపాటు తేనెటీగలును రేగి యా జవానులను చెల్లాచెదరు చేసినవి. దండయాత్ర విఫలమై సేనలు మరల ఓడలెక్కవలసివచ్చెను.

పిమ్మట ఆ దళమే 19వ హైదరాబాదు రెజిమెంటునందు నాల్గవ పటాలమయ్యెను. 1942 జనవరి 7వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, మలయాలోని స్లిము నదీమార్గమున జపానువారి ట్యాంకులు దానిమీదికి దూసికొనివచ్చెను. ఎదుర్కొనుటకు బ్రిటిషు పక్షమున ట్యాంకులే లేవు. పటాలము ఛిన్నాభిన్నమయ్యెను. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా మిగిలినవారు బందీలైరి.

అయినను ఆ పేరు అంతటితో నశింపలేదు. 1945 జనవరిలో బర్మాదేశపు అరకాను తీరమున, కాంగావు వద్ద, ఆ రెజిమెంటుయొక్క ఎనిమిదవ పటాలము ఘోరసంగ్రామమొనర్చెను. దాని నాయకుడు కొడగుదేశస్థుడైన తిమ్మయ్య; 1957లో భారత సైన్యాధిపతి యైనవాడు.

ఇక బాలుని ప్రశ్న. ఆ యుద్ధకాలమున రెజిమెంటునందలి జవానులు ప్రధానముగా కుమావూను కొండలవారు, జాట్లు, అహీరులు. తెలుగు రైతుబిడ్డలకు అందు చోటు దాదాపు లేకుండెను. 1945 అక్టోబరు 27న దానికి కుమావూను రెజిమెంటని పేరు మార్చిరి. ఎనిమిదవ పటాలము నాల్గవ కుమావూనయ్యెను. 1947 నవంబరు 3న కాశ్మీరమందలి బడ్గామువద్ద ప్రాణమర్పించి, దేశమున ప్రథమ పరమవీరచక్రమును పొందిన మేజరు సోమనాథశర్మ ఆ పటాలమువాడే.

పేరు మారెనని నాకు చింత లేదు. నెత్తురు ధారవోసినవారికి పేరు దక్కుట న్యాయమే. నా మాట వేరు. మలయాలో కూలిన జవానులు మన పేరు మోసికొని మరణించిరి; మనము వారి నెరుగము. మన పాలమూరు కూలీలు దూరదేశములకు వలసపోయి ఆనకట్టలకు రాళ్ళు మోసిరి. ఆ రాళ్ళమీద వారి పేరు లేదు.

కావున, నాయనా, చరిత్ర చదువునపుడు పేరును మాత్రము నమ్మకుము. సొమ్మెవరు పెట్టిరి, ప్రాణమెవరు పెట్టిరి, పేరెవరు పొందిరి, ఈ మూడును వేర్వేరుగా అడుగుము. మూడింటికిని బదులు దొరకినపుడే అది చరిత్ర యగును.

సెలవు.