బంజరు అని రాసినంత మాత్రాన బంజరైపోదు
(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక వెనకనుంచి ఒక పెద్దాయన అడిగారు: "పట్టా భూములకే దిక్కులేదు, పోరంబోకు గొడవ మనకెందుకు బాబూ?" అని. అక్కడే మొదలుపెడతాను. మీ ఆవులు ఎక్కడ మేస్తున్నాయి? వరి కుప్ప ఎక్కడ వేస్తున్నారు? పెద్ద వాన పడితే మీ చేలో నీరు ఎక్కడికి దిగుతోంది? ఇవేవీ పాసుపుస్తకంలో ఉండవు. ఇవి లేకపోతే పాసుపుస్తకంలోని రెండెకరాల సేద్యమూ సాగదు. సెంటు భూమి లేని గొర్రెల కాపరికైతే ఊరి బీడే ఆస్తి.

సోంపేట బీల మన జిల్లాలోనే ఉంది, అందరికీ తెలిసిందే. చేపలు, పశువుల మేత, చుట్టుపక్కల పొలాలకు నీరు, అన్నీ ఆ చిత్తడి నేల ఇచ్చేది. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. ఆ మాట పట్టుకునే అక్కడ థర్మల్ ప్లాంటు పెట్టబోయారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనవాళ్ల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల చిత్తడి నేల అని ఊళ్లో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ సంగతి కాగితం ఒప్పుకోవడానికి ఇంత మూల్యం చెల్లించాం.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. భూమి మీద కంచె పడకముందే కాగితం మీద పేరు మారుతుంది. మేత పోరంబోకు కాస్తా బంజరు అవుతుంది, వాగు పక్క నేల ఖాళీ స్థలం అవుతుంది. జేసీబీ వచ్చాక పరుగెత్తడం కాదు, ముందే ఆ కాగితం చూడాలి.

చట్టం మన చేతిలో కొంత ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిచే చోట్లు, తోపులు పంచాయతీకి దఖలు పడతాయి. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు, అది కూడా అందులోనే ఉంది. కాబట్టి గ్రామసభలో ఎవరూ నోరు విప్పకపోతే సెక్షన్ దానంతటది కాపాడదు.

ఇక చేదు మాట. కళ్లం పోరంబోకులోకి గట్టు జరిపినవాళ్లు మనలోనూ ఉన్నారు. తల దించుకోనక్కర్లేదు, గట్టు వెనక్కి జరిపితే చాలు. మనం అర గజం తిన్నాక, ఎవడో యాభై ఎకరాలు మింగితే ఏ మొహంతో అడుగుతాం? 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి తిరిగి గ్రామానికి అప్పగించే పథకాలు తయారుచేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఏళ్ల తరబడి ఉన్నాం, ఇల్లు కట్టుకున్నాం అంటే కుదరదంది. అయితే ప్రభుత్వమే లీజుకిచ్చిన భూమిలేని కూలీలకు, దళిత, గిరిజనులకు మినహాయింపు ఉండొచ్చని అదే తీర్పులో ఉంది. ఈ తీర్పు చూపించి పేదవాడి గుడిసె పీకే పని సంఘం పేరుతో ఎవరూ చేయకూడదు.

ఇప్పుడే ఎందుకు ఇంత తొందరంటే, రీసర్వేలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వస్తున్నాయి. ఎవరి పట్టా వారు సరిచూసుకుంటున్నారు, మంచిదే. మరి వాగు, మేత బీడు, చెరువు గర్భం కొలత సరిచూసేదెవరు? వాటికి పట్టాదారు లేడు.

ప్రతి గ్రామ కమిటీ పాత ఆర్‌ఎస్‌ఆర్ నకలు తీయాలి. ఎస్టేటు గ్రామాలైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తీయాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. నకలు చేతికొచ్చాక పశువుల కాపర్లను, చేపలు పట్టేవాళ్లను వెంటబెట్టుకుని హద్దులు నడవండి. పాత రాళ్లు ఎక్కడుండేవో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. తేడా వస్తే సర్వే నంబరు, విస్తీర్ణం రాసి గ్రామసభలో తీర్మానం చేయించి, తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోండి.

భోజనాల తర్వాత ఊరికి ఇద్దరి పేర్లు రాసుకుంటాం. ఒకరు చదువుకున్నవారు, ఒకరు పశువులు కాసినవారు ఉండాలి.