రంగులకంటే ముందు డాబా ఎక్కండి

ఉగాదికి బూజులు దులిపారు, ఇల్లు కడిగారు, సంతోషం. కానీ ఇల్లు అమ్మాలన్నా, మంచి అద్దె రావాలన్నా అసలు పని ఇంకా మిగిలే ఉంది. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు, ఈ ఎండల్లోనే అది చేసుకోవాలి.

చాలామంది నేరుగా పెయింటర్‌ని పిలుస్తారు. కొనడానికొచ్చినవాళ్లు తెలివైనవాళ్లయితే రంగు కాదు, తలెత్తి స్లాబు మూలలు చూస్తారండీ. చెమ్మ మరక కనబడిందా, బేరం అక్కడే దిగిపోతుంది. మరక మీద లప్పం పెట్టి రంగేస్తే, ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది.

అందుకే ముందు డాబా ఎక్కండి. స్లాబూ పిట్టగోడా కలిసే మూల, వాన నీళ్లు దిగే గొట్టం చుట్టూ, ఎక్కువగా కారేది అక్కడే. గొట్టం మూతి గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. కింద తడి తేలితే జాడ దొరికినట్టే. పాత స్లాబు, ఇనుము బయటపడి ఉందంటే మాత్రం ఈ పని వద్దు, ఇంజనీరుకి చూపించండి.

పగులు మీద ఉత్త సిమెంటు పాలు పోస్తే ఎండకి మళ్లీ విచ్చుకుంటుంది. పగులు కాస్త వెడల్పు చేసి, దుమ్ము తీసి, సాగే గుణమున్న వాటర్‌ప్రూఫ్ మందు నింపించండి. గోడలు పూర్తిగా ఆరాకే రంగు. బిల్లులు దాచుకోండి, కొనేవాళ్లకి చూపించొచ్చు.

అపార్ట్‌మెంట్లో పై అంతస్తువాళ్లు అసోసియేషన్ మీటింగులో ఇప్పుడే అడగండి. ఆగస్టులో అడిగితే, "వానలు తగ్గనివ్వండి సార్" అంటారు.