ఫోను లాక్కుంటే రక్షణ వస్తుందా?

(లక్డీకాపూల్‌లో కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ లక్డీకాపూల్ పరిసరాలలోని ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాలు మోసి పదవీ విరమణ చేసిన తరం వాళ్లం. మా కాలంలో సంతకం లేని అర్జీని పక్కన పెట్టేవాళ్లం. పంపినదెవరో తేలనిదే కాగితం ఒక బల్ల నుంచి మరో బల్లకు కదిలేది కాదు. అటువంటి మేమే నేడు ఫజ్ర్ నమాజు ముగియగానే ఊరూ పేరూ లేని వాట్సప్ సందేశాలను పదిమందికి పంపుతున్నాము. మొదట ఇది పిల్లల కాలక్షేపమని తీసిపారేశాము. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం చూడడానికి ఫోను పట్టాము. ఇప్పుడు వదలలేకున్నాము. మందలింపు మాత్రం పిల్లలకే!

2018 జులైలో మన నగరానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరు బీదర్ జిల్లాలో మూకదాడికి బలయ్యారు. ఆయన మిత్రులతో వెళ్లగా, వారిలో ఒకరు పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే జరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సప్ పుకారు ఆ ప్రాణం తీసింది. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని వాట్సప్ సంస్థ మన దేశంలో హద్దు పెట్టినదీ ఆ నెలలోనే. వార్త అందితే ముందు విచారించుకోవాలన్న ఆదేశం సూరా హుజురాత్‌లో మనకు ఏనాడో ఉంది.

రెండవ విషయం మరింత బాధాకరం. 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే యాప్‌లు ముస్లిం మహిళల ఫొటోలను వేలానికి పెట్టినట్టు ప్రదర్శించాయి. పాత్రికేయులు, కార్యకర్తలు, గొంతు విప్పినవారే వారి గురి. మన నగరానికి చెందిన, అరవై దాటిన సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ గారి ఫొటో కూడా అందులో పెట్టారు. బాధితులు ధైర్యంగా ఫిర్యాదు చేశారు. అరెస్టయినవారిలో ఇరవై ఏళ్ల ప్రాయపు విద్యార్థులున్నారు.

అప్పుడు మనమేం చేశాము? ఆడపిల్లల ఖాతాలు మూయించాము. మా ఇంట్లోనూ మనవరాలి ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాము. “దాదా, తప్పు వాళ్లది. శిక్ష నాకా?” అని అడిగింది. మాకు జవాబు దొరకలేదు. వారం తిరగకుండానే ఆమె స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ ఆ ఫోనుకే రావలసి వచ్చింది. తాళం మేమే తీశాము.

కనుక మా మనవి ఇది. ఎవరైనా వేధిస్తే ఇంట్లో చెప్పుకోగల ధైర్యం ఆడపిల్లకు ముందు మనమివ్వాలి. చెప్పిన మరుక్షణం ఫోను పోతుందన్న భయం ఉంటే ఆమె ఎన్నటికీ చెప్పదు. కంగారుపడి ఏదీ చెరిపివేయవద్దు. స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం భద్రపరచాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, షీ టీమ్స్ ఉన్నాయి. పోలీసు మహిళా భద్రతా విభాగం ఈ లక్డీకాపూల్‌లోనే ఉంది. ఇక, ఫోనులో ఏం చేస్తున్నావని మన మగపిల్లలనూ అడగాలి. పరాయి ఆడపిల్ల ఫొటోను చూసి నవ్వడం ఎవరి ఇంట జరిగినా పాపమే.

అర్జీ రాయడం మాకు తెలుసు. ఆధారం భద్రపరచడం మా పిల్లలకు తెలుసు. ఇద్దరమూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే అన్యాయం చేసినవాడు తప్పించుకోవడం కష్టం. అల్లాహ్ మనకా సద్బుద్ధిని ప్రసాదించుగాక. వస్సలాం.