పెద్దలకు నెమ్ము టీకా



టీకా యనగనే మన కనులకు తోచునది చంటిబిడ్డ. తల్లి యొడిలోని శిశువునకు సూది గ్రుచ్చుట, ఆ బిడ్డ కెవ్వున నేడ్చుట, అంతటితో ఆ మాట ముగియును. అరువదేండ్లు దాటినవానికి టీకా యేమని నవ్వువారు మా బాపులపాడులోనే కాదు, ప్రతి యూరను కలరు. ఆ నవ్వునకు నాకు తెలిసిన సమాధానము చెప్పుటకే నేడిట్లు మాటలాడుచున్నాను.

నెమ్ము మనకు క్రొత్త వ్యాధి కాదు. వైద్యులు దీనిని నిమోనియా యందురు. దీనికి కారణములు పెక్కు. అందు ముఖ్యమైనది న్యూమోకాక్కస్ అను సూక్ష్మజీవి. 1881లో ఫ్రాన్సున పాశ్చరును, అమెరికాలో స్టెర్న్‌బర్గును వేర్వేరుగా దీనిని కనుగొనిరి. ఈ క్రిమి పసిపిల్లల ముక్కులందును గొంతులందును తరచు ఏ బాధయు కలిగింపక నివసించును. దగ్గుతోడను తుమ్ముతోడను వెలువడి, బలము తగ్గిన దేహమును చేరినప్పుడు ఊపిరితిత్తులను పట్టును. ఒక్కొక్కప్పుడు రక్తమున ప్రవేశించును, మెదడుపొరలకును సోకును. పసిబిడ్డలును వృద్ధులును దీనికి సులభముగా లోబడుదురు. మధుమేహము, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కలవారికిని, పొగ త్రాగువారికిని భయము మరింత యెక్కువ.

వృద్ధులయందు మరియొక చిక్కు కలదు. పడుచువానికి నెమ్ము చేసినచో ఒడలు కాలిపోవును; ఇంటివారు తెలిసికొందురు. ముసలివానికి జ్వరము అంతగా కానరాకపోవచ్చును. అన్నము సహింపదు, మాట తడబడును, ఎదుటి మనిషిని పోల్చుకొనలేడు, ఊపిరి వడివడిగా వచ్చును. “వయసు మీద పడినది” అని ఇంటివారు ఊరకుందురు. అట్లూరకుండుట ప్రాణాపాయము. ఈ గుర్తులు కనబడిననాడే వైద్యునికి చూపవలయును.

ఈ క్రిమికి టీకా కలదు. హాలెండు దేశమున 65 ఏండ్లు నిండిన 84,000 మందికి పైబడిన వృద్ధులయందు దీనిని పరీక్షించి, ఫలితములను 2015లో ప్రకటించిరి. 13 రకముల క్రిములకై చేసిన ఆ టీకా, ఆ రకములవలన వచ్చు నెమ్మును ఇంచుమించు సగమునకు తగ్గించినది. రక్తమునకు ప్రాకు తీవ్రరోగమును నాలుగింట మూడు వంతులు తగ్గించినది. నెమ్ములన్నిటికిని ఇదియే కవచమని చెప్పుట అసత్యమగును. ఈ క్రిమిలో నూరు రకములవరకు గలవు, నెమ్మునకు ఇతర కారణములును గలవు. కాని సగము కీడు తొలగుట స్వల్పవిషయమా? సూది వేసినచోట రెండు దినములు నొప్పియు, కొందరికి కొద్దిపాటి జ్వరమును కలుగును. ఇప్పుడు 20 రకములకు చాలిన టీకా యొక్క మోతాదుగా వచ్చినది. ఎవరికి ఏది తగునో వైద్యుడు నిర్ణయింపవలయును.

మన దేశమున ఈ టీకాను 2017లో హిమాచల్ ప్రదేశ్ మొదలుగా కొన్ని రాష్ట్రములలో పసిబిడ్డలకు ఉచితముగా వేయ నారంభించిరి. 2021 నాటికి దేశమంతటికిని విస్తరించిరి. ఆరు వారములకొకటి, పదునాలుగు వారములకొకటి, తొమ్మిది నెలలకొకటి. ఇది మెచ్చదగిన కార్యము. కాని జాతీయ టీకాల పథకమున పెద్దలకు ఈ టీకా స్థానము లేదు. వేయించుకొనదలచిన వృద్ధుడు వేల రూపాయలు తానే చెల్లింపవలయును.

ఇతర దేశముల రీతి చూడుడు. ఇంగ్లండులో 2005 నుండి 65 ఏండ్లు నిండిన వారందరికిని ఉచితము. జపానులో 2014 నుండియు, సింగపూరులో 2020 నవంబరు నుండియు ప్రభుత్వము ఖర్చులో భాగము భరించుచున్నది. మన కృష్ణా జిల్లావారు ఆ దేశములందు పెక్కుమంది కలరు. ఒక్క తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములలో లండనున నున్నవానికి ఊరకే దొరకు రక్షణ, మామిడితోట కాచుకొని బాపులపాడున నున్నవానికి దొరకకుండుట న్యాయమా?

మన ప్రభుత్వమునకు ఇది అసాధ్యము కాదు. 2021 మార్చి 1వ తేదీన అరువదేండ్లు దాటినవారికి కోవిడ్ టీకా మొదలైనప్పుడు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా వేసిరి. మఱియు 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకమును 70 ఏండ్లు నిండిన వారందరికిని విస్తరించి, ఏటికి ఐదు లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్సకు భారము వహింతుమనిరి. రోగము వచ్చినపిదప లక్షలు భరింప సిద్ధపడిన ప్రభుత్వము, రోగము రాకమునుపు ఒక సూదికి వెనుదీయనేల?

ఈ లెక్క నూజివీడు ప్రాంతపు రైతుకు నేను నేర్పనక్కరలేదు. పూత విచ్చకమునుపే తేనెమంచు పురుగునకు మందు చల్లును. పిందె రాలినపిదప చల్లిన ఏమి లాభమని తానే యనును. అట్టి రైతు, మా వీధి పెద్ద యొకరు, నాతో నిట్లనిరి: “మాష్టారూ, చెట్టుకు పెట్టిన డబ్బు కాపుగా తిరిగి వచ్చును. ఈ ముసలి యొడలికి పెట్టినది ఏమి తిరిగివచ్చును? ఆ డబ్బు మనుమరాలి చదువునకైన పనికివచ్చును.” నేనంటిని: “బాబాయిగారూ, తమరు పదిరోజులు ఆసుపత్రిలో పడుకొన్నచో ఆ చదువు డబ్బే ముందు కరగిపోవును. కొడుకు పని మానును, కోడలు నిద్ర మానును. ఇది తమ యొడలికి చేయు ఖర్చు కాదు, ఇంటికి వేయు కంచె.” వారు వెంటనే ఒప్పుకొనలేదు, ఆలోచింతునని లేచిరి.

మన తరమువారి చేతులపై చిన్ననాటి మశూచి టీకా మచ్చ నేటికిని కలదు. ఆనాడు ఇంటింటికిని వచ్చి వేసిన టీకాల ఫలితముగా 1977లో మన దేశము మశూచి లేనిదని నిర్ణయింపబడినది. టీకా మేలు మనకు తెలియనిది కాదు.

కావున మూడు పనులు చేయుదము. మనుమలకు మూడు మోతాదులును తప్పక వేయింతము. అమెరికాలో 2000 తరువాత పిల్లలకు టీకా వేయగా, వేయించుకొనని వృద్ధులలో సహితము ఆ రకముల రోగము తగ్గినది. బిడ్డకు వేసిన సూది తాతకును కాపుదల. రెండవది, జబ్బులున్నవారును, శక్తి కలవారును వైద్యుని అడిగి వేయించుకొనవలయును. మూడవది, గ్రామసభ కూడినప్పుడు, రోడ్డును మురుగుకాలువను అడిగినట్లే, పెద్దలకు ఈ టీకా రాయితీపైనైనను ఇప్పింపుడని తీర్మానము వ్రాసి పంపవలయును. అడుగుటకు మొగమోటపడవలదు. ఇన్నేండ్లు ఈ నేలను దున్ని, పన్నులు కట్టినవారు మనమే.